కంప్యూటర్‌కి గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇవ్వాలా?

మనుషులందర్నీ ఓడించే చెస్ ప్రోగ్రామ్‌కి గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఎందుకు ఇవ్వరని అడిగారు. బలం ఒక్కటే లెక్కయితే ఎప్పుడో ఇచ్చేయాల్సింది. 1997లో న్యూయార్క్‌లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని 3.5-2.5తో ఓడించింది. 2009లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన ఒక టోర్నమెంట్‌లో, సెల్‌ఫోన్‌లో నడిచే పాకెట్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్ 10 ఆటల్లో 9.5 పాయింట్లు కొట్టింది. ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్న స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ముందు మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ కూడా నిలవలేడు.

అయినా ఇవ్వకూడదనే అంటాను. ఎందుకో చెబితే నా పరువు కాస్త పోతుంది.

ఇంటర్ చదివే రోజుల్లో విజయనగరంలో జిల్లా పోటీ ఆడాను. ఆఖరి రౌండ్. నాకు ఒక ఏనుగు ఎక్కువుంది, గడియారంలో రెండు నిమిషాలే మిగిలాయి. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతున్నా చొక్కా తడిసిపోయింది. అవతలివాడి మంత్రి మరొక్క ఎత్తులో ఆట కట్టేసే చోట కూర్చుని ఉంది. నాకు కనపడలేదు. దర్జాగా బంటుని తోశాను, అంతే. కోట నుంచి గంటస్తంభం దాకా నడిచొస్తుంటే దారి పొడుగునా ఆ గడే కళ్లముందు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్‌తో ఆడుతూ అప్పటి ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ కూడా ఇలాగే ఒక్క ఎత్తు కట్టుని చూసుకోలేదని. కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

గ్రాండ్‌మాస్టర్ కావాలంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ 2500కి చేరాలి, నార్మ్‌లు, అంటే టోర్నమెంట్లలో గ్రాండ్‌మాస్టర్ స్థాయిలో ఆడినట్టు గుర్తింపులు, సాధించాలి, అవన్నీ కలిపి కనీసం 27 ఆటలైనా ఉండాలి. ఒక్కో ఆట గంటల తరబడి సాగుతుంది. టెన్షన్‌లో నాలాగా బంటు తోసేయకుండా ఎవరు నిలబడతారో తేల్చే లెక్క అది. టెన్షనే లేనిదాన్ని ఈ తూకంలో వేసి ఏం తేలుస్తాం?

మా మావయ్యది కొండవెలగాడ, వెయిట్‌లిఫ్టర్లకి పేరున్న ఊరు. ఆయన్ని అడిగితే, "ఏటిరా, క్రేన్ బరువెత్తిందని మెడల్ ఇచ్చేస్తారేటి?" అన్నారు. ఈ పోలిక నాకు సగమే నచ్చింది. క్రేన్‌ని చూసి వెయిట్‌లిఫ్టర్ నేర్చుకునేదేమీ లేదు. స్టాక్‌ఫిష్ దగ్గర గ్రాండ్‌మాస్టర్లే పాఠాలు నేర్చుకుంటున్నారు. అన్నట్టు దాని రేటింగ్ 3500 పైన అని చూపిస్తుంటారు కదా, అది యంత్రాలు యంత్రాలతో ఆడితే వచ్చిన అంకె. దాన్ని ఫిడే రేటింగ్‌తో పోల్చడం కుదరదు.

మొన్న నా పాత ఆటని యాప్‌లో పెట్టి చూశాను. పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇప్పటికీ గుర్తే. నేను బంటు తోసిన చోట, చెస్‌లో ఘోరమైన తప్పుకి వేసే గుర్తు, రెండు ప్రశ్నార్థకాలు వేసింది.