మధిర కొట్టుకు నందిగామ లెక్క పనికిరాదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా మధిర. పదకొండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. పోయిన ఏడాది అమ్మకాలు 32 లక్షల దాకా అయ్యాయి. అందులో 20 లక్షలు స్కానర్ మీదే వచ్చాయి. నందిగామలో కొట్టు ఉన్న మా బావ 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదంటున్నాడు. అయినా భయం పోక మా ఆవిడ పేర ఒకటి, అమ్మ పేర ఒకటి స్కానర్లు పెట్టించాను. అన్నీ తీసేసి నగదే తీసుకుంటే మంచిదా? కొట్టు మీద గది వేయడానికి బ్యాంకు లోను కూడా కావాలి.

జవాబు: మీ బావగారు చెప్పింది ఆయన కొట్టుకు నిజమే. మీ కొట్టుకు కాదు. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ 1 నుంచి 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఆగింది. నందిగామలో 32 లక్షలు అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మధిరలో తప్పనిసరి. ఈ తేడా తెలియక సరిహద్దు ఊళ్లలో ఎంతోమంది చిక్కుల్లో పడుతున్నారు, అందుకే మీ ఉత్తరం చూడగానే ముందు ఇదే చెప్పాలనిపించింది. ఇంకొకటి: పన్ను లేని విడి బియ్యం, పాలు, కూరగాయల అమ్మకం కూడా ఆ 20 లక్షల్లో కలుస్తుంది.

ఇక స్కానర్లు తీసేయడం. దయచేసి ఆ పని చేయకండి. 2025 జూలైలో కర్ణాటకలో పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తెప్పించుకుని చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, బెంగళూరులో చాలా కొట్ల ముందు ‘యూపీఐ లేదు, నగదే’ అని కాగితాలు అంటించారు. పాత లెక్క ఎక్కడికీ పోదు కదా. గల్లాపెట్టెలో పడ్డా ఫోన్లో పడ్డా అమ్మకం అమ్మకమే. పైగా ఆదాయపు పన్నులో నగదే మీకు ఖరీదు. ఎలాగో చూడండి.

చిన్న వ్యాపారులకు పద్దు పుస్తకాలు లేకుండా అంచనా లాభం చూపించుకునే వెసులుబాటు ఉంది. పాత చట్టంలో అది 44ఏడీ. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ 58. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంలో 6 శాతం, నగదు అమ్మకంలో 8 శాతం లాభంగా చూపాలి. మీ 20 లక్షల మీద 1,20,000, మిగతా 12 లక్షల మీద 96,000, మొత్తం 2,16,000. మొత్తం నగదే అయితే 2,56,000 అయ్యేది. అయితే ఇది కనీసం చూపాల్సింది. మీకు నిజంగా రూపాయికి పది పన్నెండు పైసలు మిగులుతుంటే అంతే చూపించండి. 12 శాతం వేసుకున్నా 3,84,000. ఆదాయపు పన్ను కొత్త విధానం (న్యూ రెజీమ్) ఎంచుకుంటే 4 లక్షల దాకా పన్నే లేదు. మీరు ఇన్నాళ్లు భయపడింది కట్టనక్కర్లేని ఆదాయపు పన్ను గురించి!

అమ్మగారి పేర, ఇల్లాలి పేర స్కానర్లు మాత్రం ఈ వారంలోనే తీసేయండి. సరుకు మీ పేర కొని, డబ్బు వాళ్ల ఖాతాలో పడితే రేపు ముగ్గురూ జవాబు చెప్పుకోవాలి. కొట్టు పేర ఒక కరెంట్ అకౌంట్ తెరిచి, ఒక్క స్కానర్ దానికే పెట్టండి. ఓ కొట్టు యజమానితో కూర్చుని మూడు నెలల స్టేట్‌మెంట్ పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ చూశాను. 40, 15, 120, 35... మధ్యలో 50,000. ‘ఇదేంటండీ?’ అంటే చీటీ పాడిన డబ్బు. ఇంకో చోట 12,000, బామ్మర్ది తీర్చిన అప్పు. ఏది ఏమిటో తేల్చేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కన రాసి పెట్టుకోకపోతే అధికారి వాటన్నిటినీ అమ్మకం కిందే కడతారు. మీరు కూడా స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించి, అమ్మకం కానివి ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఆరు నెలలైతే మీకే గుర్తుండదు.

జీఎస్టీలో మీకు సరిపోయేది కాంపోజిషన్ స్కీమ్, అంటే చిన్న వ్యాపారులు ఒక్కో సరుకుకు ఒక్కో రేటు కాకుండా అమ్మకం మీద ఒకే చిన్న శాతం కట్టే పద్ధతి. కోటిన్నర టర్నోవర్ దాకా తీసుకోవచ్చు. పన్ను వర్తించే సరుకు అమ్మకంలో 1 శాతం కట్టాలి. మీ 32 లక్షల్లో పన్ను లేని సరుకు 10 లక్షలు అనుకుంటే, 22 లక్షల మీద ఏడాదికి 22,000. మూడు నెలలకోసారి 5,500. మూడు నెలలు గడిచాక వచ్చే 18వ తేదీలోగా కట్టాలి, ఏడాదికొక రిటర్న్ వేయాలి. ఈ పన్ను మీ జేబులోంచే వెళ్తుంది, కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదు. సరుకు విజయవాడ నుంచి తెచ్చుకోవచ్చు గానీ, ఆంధ్ర వైపు ఊళ్లకు పంపి అమ్మకూడదు. కొట్టు ముందు కాంపోజిషన్ కింద ఉన్నట్టు బోర్డు పెట్టాలి.

అసలు నొప్పి ఇక్కడుంది. 20 లక్షలు దాటిన 30 రోజుల్లో అప్లై చేసి ఉండాల్సింది. గడిచిన కాలానికి కాంపోజిషన్ దొరకదు, మామూలు రేట్ల మీద పన్ను, దాని మీద ఏటా 18 శాతం వడ్డీ పడవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మినందుకు 10,000 లేదా ఎగ్గొట్టిన పన్ను, రెంటిలో ఏది ఎక్కువైతే అంత జరిమానా కూడా ఉంది. నోటీసు రాకముందే మీ అంతట మీరు వెళ్లి కట్టేస్తే ఇది చాలా తేలికవుతుంది. కొనుగోలు బిల్లులు ఎన్ని దొరికితే అన్నీ ఒక సంచిలో వేసుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. ఏయే సరుకు మీద ఎంత పన్ను పడాలో ఆయన తేల్చేది వాటిని చూసే.

లోను సంగతికొస్తే, బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్న్‌లు అడుగుతాయి. పన్ను పడకపోయినా ఈ ఏడాది నుంచి రిటర్న్ వేయడం మొదలుపెట్టండి, నిజంగా మిగిలిన లాభమే చూపించండి. 2,16,000 చూపిస్తే వాయిదా ఎంత కట్టగలరో బ్యాంకు దాన్ని బట్టే చూస్తుంది, 3,84,000 మీదైతే గది వేసుకోవడానికి సరిపడా లోను అడగవచ్చు. ఆ రిటర్న్‌లు చేతికొచ్చేదాకా గది పని ఆపండి. ఈలోగా చేతిలో ఉన్నది పాత జీఎస్టీ బాకీకి తీసి పెట్టుకోండి.