సీబీపీ రిపోర్టులతో క్యాన్సర్ పరిశోధన.. ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. పెద్దపేగు క్యాన్సర్ రోగుల సీబీపీలో (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) న్యూట్రోఫిల్-లింఫోసైట్ (రెండు రకాల తెల్లకణాలు) నిష్పత్తికీ, వాళ్లు ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం ఉందేమో చూడమని గైడ్ అంటున్నారు. ఈ ప్రాజెక్టుతో ముందు ముందు ఉద్యోగావకాశాలు ఉంటాయా?

జవాబు: అంశం మంచిదే, తీసుకోండి. అయితే నిష్పత్తి కట్టడం వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. న్యూట్రోఫిల్స్ 6,000, లింఫోసైట్స్ 1,500 ఉంటే 4 అని ఎవరైనా చెప్తారు. ఆ 4ను రోగి ఆయుష్షుతో తప్పుల్లేకుండా ముడిపెట్టగలిగేవాళ్లే తక్కువ. మీకు గిరాకీ తెచ్చే నైపుణ్యం అదే.

ముందుగా ఏ రోజు రిపోర్టు తీసుకుంటారో రాసిపెట్టుకోండి. ఆపరేషన్‌కో మొదటి కీమోకో ముందు రెండు వారాల లోపుదైతే బాగుంటుంది. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ న్యూట్రోఫిల్స్‌ను పెంచి, లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇచ్చినా లెక్క తారుమారే. ఆ రిపోర్టులనూ కలిపేస్తే కణితి ప్రభావమేదో, మందు ప్రభావమేదో విడదీయలేరు.

సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే ప్రొటీన్), అల్బుమిన్ (రక్తంలోని మరో ప్రొటీన్) విలువలు దొరికితే, వాటితో రోగి పరిస్థితిని అంచనా వేసే సవరించిన గ్లాస్గో స్కోరు కూడా వేయండి. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే 1. దాంతోపాటు అల్బుమిన్ 35 గ్రాముల కంటే తక్కువుంటే 2. సీఆర్‌పీ పెరగకపోతే, అల్బుమిన్ తగ్గినా స్కోరు 0. మన ల్యాబులు అల్బుమిన్‌ను డెసిలీటరు లెక్కన, అంటే 3.5 అని ఇస్తాయి. సీఆర్‌పీ యూనిట్ ఒక్కో ల్యాబులో ఒక్కోలా ఉంటుంది. చూసుకోకుండా ఎక్సెల్‌లో ఎక్కిస్తే పదింతల తేడా వస్తుంది.

అసలు కష్టం ఫాలో-అప్ దగ్గర. ప్రతి రోగికీ మొదలుపెట్టిన తేదీ, చివరిసారి ప్రాణాలతో ఉన్నట్టు తెలిసిన తేదీ లేదా మరణించిన తేదీ, మరణించారా లేదా అన్న గుర్తు.. ఈ మూడూ ఉండాలి. దూరపు ఊరి నుంచి వచ్చి మధ్యలో మానేసినవాళ్లను తీసేయకూడదు, చనిపోయినట్టూ రాయకూడదు. చివరిసారి కనిపించిన తేదీ వరకే లెక్కలో ఉంచాలి. ఇళ్లకు ఫోన్ చేయాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. చనిపోయినవారి ఇంటికి మీ ఫోన్ వెళ్తుందన్న ఎరుకతో మాట్లాడండి.

ఇక్కడే చాలా థీసిస్‌లు దెబ్బతింటాయి: నిష్పత్తి ఎంత దాటితే ఎక్కువ అనే హద్దును (కటాఫ్) 3 నుంచి 5 దాకా మార్చి మార్చి చూసి, పీ విలువ (ఫలితం యాదృచ్ఛికమా అని తేల్చే అంకె) బాగా వచ్చినదాన్ని ఉంచేస్తారు. మరో ఆసుపత్రి డేటాలో అది నిలబడదు. కటాఫ్ ముందే నిర్ణయించండి, లేదా నిష్పత్తిని అంకెగానే కాక్స్ మోడల్‌లో (బతికిన కాలంపై ఒక్కో అంశం ప్రభావాన్ని లెక్కగట్టే పద్ధతి) పెట్టండి. ఆ మోడల్‌లో పెట్టే ఒక్కో అంశానికి కనీసం 10 మరణాలుండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 40 మరణాలుంటే నిష్పత్తి, వయసు, స్టేజి, రోగి శక్తిస్థాయి.. అంతకుమించి పెట్టకండి. రాసేటప్పుడు 2005లో వచ్చిన రిమార్క్ మార్గదర్శకాలు (కణితి సూచికల అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పేవి) దగ్గర పెట్టుకోండి.

గణాంకాలు కట్టే 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులోని సర్వైవల్ ప్యాకేజీలో 228 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల డేటా ఉంది. మీ డేటా చేతికొచ్చేలోపు దానిమీద కప్లాన్-మేయర్ గీతలు (కాలం గడిచేకొద్దీ ఎంతమంది బతికున్నారో చూపేవి) గీయడం నేర్చుకోండి.

ఇది వస్తే హైదరాబాద్‌లోని క్లినికల్ డేటా సంస్థలకూ, ఆసుపత్రుల క్యాన్సర్ రిజిస్ట్రీలకూ దరఖాస్తు చేయవచ్చు. లెక్కలంటే ఇష్టం కలిగితే బయోస్టాటిస్టిక్స్ వైపు మళ్లండి. ల్యాబే కావాలంటే సీఎస్ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్ రాసి పీహెచ్‌డీకి వెళ్లండి, ఈలోపు ఎలైసా, ఫ్లో సైటోమెట్రీ వంటి ల్యాబ్ పరీక్షలు చేతికి అలవాటు చేసుకోండి. ఈ వారం మాత్రం గైడ్‌ను ఒక్కటే అడగండి: ఎంతమంది రోగుల ఫాలో-అప్ తేదీలు నిజంగా దొరుకుతాయి?