పాల చెట్లు పూసే కాలంలో పార్కుకి వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా మామగారికి 64 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర వేసుకుంటారు. రోజూ నడవమన్నారని సాయంత్రం కాలనీ పార్కుకి వెళ్తారు. ఎనిమిదేళ్ల మా పాపనీ వెంట తీసుకెళ్తాం. పాపకి ఆయాసం ఉంది. అక్టోబరులో పార్కులోని ఏడాకుల పాల చెట్లు పూసినప్పటి నుంచి ఘాటు వాసన భరించలేకపోతున్నాం. పాపకి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. చెట్లు కొట్టించాలని కాలనీవాళ్లు సంతకాలు పెట్టిస్తున్నారు. మామగారేమో చెప్పులు విడిచి గడ్డిలో నడిస్తే షుగర్‌కి మంచిదంటారు. దోమలు, కుక్కలు సరేసరి. ఓ మూల లైట్లే వెలగవు. ఇంతకీ పార్కుతో ఆరోగ్యం అన్న మాట నిజమేనా? మానేయమంటారా? – ఓ పాఠకురాలు

జవాబు: మానొద్దు. పాపని తీసుకెళ్లే వేళ మార్చండి. మీ మామగారి చెప్పుల్లేని నడక మాత్రం ఇవాళే ఆపించండి. సంతకాల కాగితం కూడా పంపండి, కాకపోతే అందులో అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు పాప సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ పచ్చదనాన్ని ఊడ్చేశాక, మళ్లీ నాటిన మొక్కల్లో ఏడాకుల పాల బాగా కనిపిస్తుంది. తొందరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, పాలు కారే చెట్టు కాబట్టి పశువులు ముట్టవు. నాటేవాళ్లకి ఇంతకంటే సులువైన చెట్టు దొరకదు. చిక్కల్లా ఒకే జాతిని వరసగా నాటడంతో వచ్చింది. ఒక చెట్టు పూస్తే పరిమళం, ముప్ఫై చెట్లు ఒకేసారి పూస్తే తలనొప్పి.

దీని పువ్వులు పురుగుల వల్ల పరాగ సంపర్కం జరుపుకునే రకం. అలాంటి పుప్పొడి గాలిలో దూరం పోయేది కాదు. సర్కారు తుమ్మ, గడ్డిజాతి మొక్కలు, వయ్యారిభామ పుప్పొడితో వచ్చే అలర్జీకీ దీనికీ తేడా అక్కడే. దీని పుప్పొడి ఎవరికీ పడకుండా ఉండదని నేననడం లేదు. కానీ ఎక్కువమందిలో గొంతు గరగర, దగ్గు, తలనొప్పి తెప్పించేది ఆ ఘాటు వాసనే. అగరొత్తులు, సెంటు, పెయింటు వాసన పడనట్టే ఇదీ. అప్పటికే వాచి ఉన్న శ్వాసనాళాలు ఏ ఘాటుకైనా ముడుచుకుంటాయి. ఈ వాసన చీకటి పడే వేళకి ముదురుతుంది. మీరు వెళ్లేది సరిగ్గా ఆ వేళకే.

ఇక్కడ ఒక అనుమానం కూడా పెట్టుకోండి. పాల చెట్టు పూసే నెలల్లోనే దీపావళి పొగ, చలిగాలి, బడి నుంచి వచ్చే జలుబులు, పెట్టెల్లోంచి తీసిన దుప్పట్ల ధూళి పురుగులు అన్నీ కలుస్తాయి. కొండల మధ్య గిన్నెలా ఉన్న విశాఖలో చలికాలం రాత్రి పూట పొగ, ధూళి పైకి లేవకుండా నేలబారుగానే నిలిచిపోతాయి. చెట్లన్నీ కొట్టేశాక కూడా పాప దగ్గుతూనే ఉంటే అప్పుడేం చేస్తారు? అందుకని రెండు వారాలు ఒక నోట్‌బుక్కు పెట్టండి. ఏ రోజు పార్కుకి వెళ్లారు, ఎన్నింటికి, రాత్రి దగ్గుతో లేచిందా, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం రంగు ఇన్‌హేలర్ (సాల్బుటమాల్) ఎన్నిసార్లు వాడారు, ఇంట్లో జలుబు ఎవరికుంది అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. మొదటి వారం పార్కు పూర్తిగా మాని, రెండో వారం వేళ మార్చి వెళ్లి చూడండి.

ఈలోగా అసలు విషయం మరవొద్దు. వారంలో రెండుసార్లకు మించి పగటిపూట ఆయాసం వస్తున్నా, నెలలో ఒక్క రాత్రయినా దగ్గుతో మెలకువ వస్తున్నా, ఆ ఆస్తమా అదుపులో లేనట్టే లెక్క. అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్‌తో నెట్టుకొస్తే కుదరదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పిల్లల డాక్టర్ చెప్పిన మోతాదులో రోజూ వాడాలి. ‘స్టెరాయిడ్’ అన్న మాట వినగానే పది రోజులకి మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇన్‌హేలర్‌లో ఉండేది మైక్రోగ్రాముల్లో, అంటే చాలా కొద్దిగా. వాడే తీరు కూడా సరిచూసుకోండి: డబ్బా ఊపి, స్పేసర్‌కి (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య ఉండే గొట్టానికి) పెట్టి, ఒక్క పఫ్ నొక్కి, ఐదారు సార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చనివ్వాలి. రెండో పఫ్‌కి మళ్లీ ఊపాలి. రెండూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్టెరాయిడ్ పఫ్ అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

రిలీఫ్ ఇన్‌హేలర్, స్పేసర్ రెండూ పార్కుకి సంచిలో వెంట రావాలి. అక్కడ ఆయాసం మొదలైతే కూర్చోబెట్టి ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇచ్చి, ఇరవై నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు ఇస్తూ ఆస్పత్రికి బయల్దేరండి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటున్నా, పెదాలు నీలంగా మారినా ఇరవై నిమిషాలు ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

నవంబరులో విశాఖలో ఐదున్నరలోపే పొద్దుగూకుతుంది. బడి ఉన్న రోజుల్లో నాలుగింటికి వెళ్లి ఐదింటికల్లా బయటపడండి. సెలవు రోజుల్లో పొద్దెక్కాక, ఏడున్నర తర్వాత వెళ్లండి. తెల్లవారుజామున ఐదింటి గాలి స్వచ్ఛంగా ఉంటుందన్న నమ్మకం చలికాలం నగరాల్లో చెల్లదు. ఎండ తగిలి నేల వేడెక్కాకే కింద నిలిచిన పొగ పైకి లేస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో విశాఖ గాలి నాణ్యత సూచీ కనిపిస్తుంది. అది 200 దాటిన రోజున పాప పరుగులు, తాతగారి నడక రెండూ ఇంట్లోనే. ఇంటికి రాగానే పాప ముఖం కడిగి, బట్టలు మార్చండి. పూలు రాలిన చెట్ల కింద బెంచీ బదులు వేరే చోటు చూసుకోండి.

మీ మామగారికి వారానికి కనీసం 150 నిమిషాల నడక కావాలి. ఐదు రోజులు అరగంట చొప్పున అనుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్‌కి అది బాగా పనిచేస్తుంది. ఆయన వేసుకునే గ్లిమిపిరైడ్ షుగర్‌ని మరీ కిందికి దించగలదు కాబట్టి మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా నడక వద్దు. టిఫిన్ చేసిన అరగంట, గంట తర్వాతే బయల్దేరాలి. జేబులో మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, అంటే 15 గ్రాములు, పొట్లం కట్టి ఉంచండి. చెమటలు, వణుకు, ఆకలి, కళ్లు తిరగడం వస్తే నడక ఆపి, అది నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకి షుగర్ పరీక్ష చేసి 70 కంటే తక్కువుంటే ఇంకోసారి తాగాలి. పంచదార వేయని బిస్కెట్లు అప్పుడు పనికిరావు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, అలవాటు లేని ఆయాసం వస్తే అది షుగర్ అనుకుని కూర్చోవద్దు, ఈసీజీ తీయించాలి.

చెప్పుల్లేకుండా గడ్డిలో, గులకరాళ్ల బాటమీద నడిస్తే షుగర్ తగ్గుతుందన్న ప్రచారం ఎక్కడ పుట్టిందో కానీ, అది కాళ్లు పోగొడుతోంది. పదకొండేళ్ల షుగర్‌లో పాదాల నరాలు మొద్దుబారి ఉండొచ్చు. ముల్లు దిగినా, గాజుపెంకు గుచ్చుకున్నా, మే నెలలో సిమెంటు బాట కాల్చినా తెలియదు. పుండు పడి చీము పట్టాక సాక్సు తడిసినప్పుడు తెలుస్తుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఆయన కళ్లు మూసుకోవాలి. మీరు చూపుడు వేలితో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకు మించి చెప్పలేకపోతే స్పర్శ తగ్గినట్టే, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. స్పర్శ బాగున్నా వేళ్లు నలగని షూ, కాటన్ సాక్సు వేసుకునే నడవాలి. వేసుకునే ముందు షూ తలకిందులు చేసి దులపాలి. రాత్రి పాదాలు అద్దంలో చూసుకోవాలి. పచ్చగడ్డి చూడటానికి బాగుంటుంది, చూస్తే చాలు.

పార్కుతో ఆరోగ్యం నిజమేనా అన్నారు. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి మొత్తం 120 నిమిషాలు పచ్చని చోట గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒకేసారైనా, నాలుగు విడతలైనా తేడా రాలేదు. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పార్కుకి పోతారు కదా అన్న ప్రశ్నకి ఇలాంటి లెక్కలు జవాబివ్వలేవు. నా దృష్టిలో గట్టి సాక్ష్యం అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. అక్కడ పాడుబడిన 541 ఖాళీ స్థలాలని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, పొట్టి కర్ర కంచె కట్టి క్రమంగా చూసుకున్నారు. రెండో గుంపులో చెత్త తీసి గడ్డి కోశారు, అంతే. మూడోదాన్ని వదిలేశారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, వదిలేసిన స్థలాల దగ్గరివాళ్లతో పోలిస్తే పచ్చదనం చేసిన చోట నిస్పృహగా ఉందన్నవాళ్లు 41.5 శాతం తగ్గారు. పేద పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. ఉత్త చెత్త తీసిన చోట మనసుకి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పచ్చదనం, దాన్ని చూసుకునే మనిషి రెండూ ఉంటేనే ఆ ఫలితం. నాటి వదిలేసిన పార్కులో పొదలు, చీకటి, నిలవనీళ్లు పెరుగుతాయి. మీరు రాసిన ఇబ్బందుల్లో సగం ఆ కోవలోవే.

అందుకని కార్పొరేషన్‌కి ఇచ్చే కాగితంలో ఇవి రాయండి. నడక బాట పక్క పొదలు మూడడుగులకు మించకుండా కత్తిరించాలి. చెట్ల కింది కొమ్మలు ఏడడుగుల దాకా తీసేయాలి. అప్పుడు ఆ చివర ఎవరున్నారో ఈ చివర నుంచి కనిపిస్తుంది. ఆడవాళ్లు, పిల్లలు ధైర్యంగా నడిచేది అలాంటి చోటే. దీపాలు కొమ్మల పైన ఉంటే వెలుతురు ఆకులకే పోతుంది, అవి కొమ్మల కిందికి రావాలి. పాల చెట్లకి పూత కొమ్మల కొసల్లో వస్తుంది కాబట్టి ఆగస్టులో కొసలు కత్తిరిస్తే ఆ ఏడు పూత తగ్గుతుంది. కొట్టేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం, 2002 కింద అనుమతి కావాలి. వరసలో ఒకటి విడిచి ఒకటి మార్చుతూ కానుగ, వేప, పొగడ, నేరేడు కలిపి నాటమనండి. ఒకేసారి అన్నీ కొడితే మేలో ఆ బాట మీద మీ మామగారు నడవలేరు. రాలిన ఆకుల్ని పార్కులోనే తగలబెడుతుంటే అది అన్నిటికంటే ముందు ఆపించాలి. పాల పువ్వు కంటే ఆకుల పొగ పాపకి ఎక్కువ చేటు. చెత్త బహిరంగంగా కాలిస్తే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆకులకి ఓ మూల ఎరువు గుంత చాలు. వయ్యారిభామ మొక్కల్ని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్లతో సహా పీకించాలి. ఉయ్యాల, జారుడుబల్ల కింద సిమెంటు ఉంటే తొమ్మిది అంగుళాల మందాన ఇసుక పోయించాలి.

డెంగీ దోమ మంచినీళ్లలో పుట్టి పగలే కుడుతుంది, పొద్దెక్కే వేళ, పొద్దువాలే వేళ మరీ ఎక్కువ. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి కొబ్బరి బొండాలు, పగిలిన కుండీలు, ఆగిపోయిన ఫౌంటెన్, చెట్టు తొర్ర వారానికోసారి ఖాళీ చేయిస్తే చాలు. పొగ మందు కొట్టేది ఎగిరే దోమలకే, నీళ్లలోని దోమపిల్లలు మర్నాటికి మళ్లీ లేస్తాయి. ఆస్తమా పాపని ఆ పొగలో ఉంచొద్దు. నిండు చేతుల చొక్కా, ఒంటికి రాసే దోమల క్రీమ్ చాలు. వానల తర్వాత గుబురు గడ్డిలో కూర్చున్నాక వారం, పది రోజులకి జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుం చుట్టూ సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూడండి. అది స్క్రబ్ టైఫస్ కావొచ్చు. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది.

కుక్క ఎదురైతే పరుగెత్తొద్దని పాపకి చెప్పండి. చేతులు కిందికి పెట్టి, కళ్లలోకి చూడకుండా చెట్టులా నిలబడితే చాలాసార్లు వాసన చూసి పోతుంది. కరిచినా, గోరు గీసినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. ప్రభుత్వాస్పత్రిలో చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయించుకోవాలి. చాలామంది మూడో డోసుతో మానేస్తున్నారు, మీరు ఆ తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి.

రెండు వారాలయ్యాక పాప నోట్‌బుక్కు, వాడుతున్న ఇన్‌హేలర్, స్పేసర్ పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పఫ్ ఎలా ఇస్తున్నారో ఆయన ముందే ఒకసారి చేసి చూపించండి. మామగారిని కూడా పాదాల పరీక్షకి అదే వారంలో తీసుకెళ్లండి.