వార్డే తరగతి గది

ప్రశ్న: మెడిసిన్ చదివే మా అమ్మాయి మాటిమాటికీ ‘ఆస్లర్’ అంటోంది. ఎవరండీ ఆయన?

జవాబు: విలియం ఆస్లర్. 1849లో కెనడాలో పుట్టారు. నాన్నగారిలా చర్చిలో చేరదామనుకుని, మనసు మార్చుకుని మెడిసిన్‌కి వచ్చారు. ఆ మార్పు మా డాక్టర్ల అదృష్టం! 1889లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరారు. అప్పట్లో అమెరికాలో చాలామంది రోగి నాడి పట్టుకోకుండానే, హాల్లో లెక్చర్లు విని డాక్టర్లైపోయేవారు. ఈయన విద్యార్థుల్ని మంచాల దగ్గరికి తీసుకెళ్లారు. రోగిని అడిగి కేసు రాసుకోవడం, మూత్రం, రక్తం పరీక్షించడం వాళ్ల చేతే చేయించారు. నా మొదటి కేసుషీటు రాస్తూ నేనెంత వణికానో! ఆ టెన్షన్‌కి మూలపురుషుడు ఈయనే. 1905లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు, 1919లో పోయారు. తన సమాధి మీద ‘వార్డుల్లో విద్యార్థులకు పాఠం చెప్పాడు’ అని ఉంటే చాలన్నారు.