కారు గేటు దగ్గరికి రాగానే ఇంటికి తెలియాలంటే

కెమెరా లేకుండా, రెండు వేల లోపు ఖర్చుతో, మన కారు వచ్చిందని ఇల్లే కనిపెట్టి పోర్టికో లైటు వెలిగించే దారి ఉందా అని అడిగారు. ఉంది. మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తోంది. నాన్న షాపు మూసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. హారన్ వినపడగానే చీకట్లోనే మెట్లు దిగి గేటు తీయడానికి వెళ్లేది. ఎక్కడ జారిపడుతుందో అన్న టెన్షన్‌తోనే ఈ పని మొదలుపెట్టాను.

ముందు గేటు స్తంభానికి పీఐఆర్ మోషన్ సెన్సర్ బిగించాను. అది కనిపెట్టేది కారును కాదు, కదిలే వేడిని. వీధి కుక్క పోయినా లైటు, పక్కింటి బైకు పోయినా లైటు. వారానికే తీసేశాను. తర్వాత ఫోన్ లొకేషన్ చూశాను. ఇంటి చుట్టూ వంద మీటర్ల హద్దు పెట్టి, నాన్న ఫోన్ అందులోకి రాగానే వెలగాలని సెట్ చేశాను. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ లొకేషన్ పంపే యాప్‌ను ఆపేసేది. నాన్న లోపలికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అప్పుడు వెలిగేది.

చివరికి కుదిరింది ఏమిటంటే, గుర్తును కారులోనే పెట్టడం. ఒక ఈఎస్‌పీ32 బోర్డును (వైఫై, బ్లూటూత్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు, నాకు 450 రూపాయలు పడింది) కారు యూఎస్‌బీ సాకెట్‌కు తగిలించాను. ఇలాంటి బోర్డులకు ఏం చేయాలో చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈఎస్‌పీహోమ్‌లో నాలుగు లైన్లు రాస్తే అది ఐబీకన్‌లా పనిచేస్తుంది. అంటే బ్లూటూత్‌లో తన నంబరును ఆగకుండా పంపుతూ ఉంటుంది. పోర్టికో కిటికీలో ఇంకో ఈఎస్‌పీ32 పెట్టాను. అది ఆ నంబరు విని, ఇంట్లో లైట్లను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. కారులో బోర్డును నేరుగా ఇంటి వైఫైకి కలపొచ్చు కదా అనిపిస్తుంది. కలిపి చూశాను. కనెక్ట్ అయ్యేలోపే కారు గేటు ముందు ఆగేది. బ్లూటూత్‌కు కనెక్ట్ కావాల్సిన పని లేదు, వినపడితే చాలు. మాకు గేటు దగ్గర సిగ్నల్ మైనస్ 70 ఉంటుంది, రెండిళ్ల అవతల మైనస్ 85 (సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). అందుకే మైనస్ 80 కంటే బలంగా ఉంటేనే లెక్కలోకి తీసుకోమని పెట్టాను.

ఇక్కడ ఒక చిక్కుంది. పొద్దున్నే నాన్న కారు స్టార్ట్ చేయగానే బోర్డుకు కరెంటు వస్తుంది, ఇల్లు "కారు వచ్చింది" అనుకుంటుంది. వచ్చే కారుకూ వెళ్లే కారుకూ తేడా తెలియాలంటే, పోర్టికోలో కారు ఉందో లేదో కూడా తెలియాలి. దానికి పోర్టికో స్లాబుకు కిందికి చూసేలా, శబ్దంతో దూరం కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి, వైరు కిటికీలోని బోర్డుకే లాగాను. నేల దాకా 2.9 మీటర్లు, కారు ఉంటే 1.4. మనిషి కింద నిలబడినా దూరం తగ్గుతుంది కాబట్టి పది సెకన్లు నిలకడగా ఉంటేనే కారు అని లెక్క. సెన్సర్ కారు టాపు మీదికే రావాలి. ముందు అద్దం మీద పడితే ఆ వాలుకు శబ్దం పక్కకు పోతుంది, రీడింగ్ రాదు.

ఈ సెన్సర్లలో చవకగా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 వాన జల్లుకు ఆగదు, జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ తీసుకోండి. దాన్ని 5 వోల్టులతో నడిపితే ఎకో పిన్ (రీడింగ్ పంపే పిన్) నుంచి వచ్చేదీ 5 వోల్టులే. ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో తగ్గించకుండా కలపొద్దు. నేను అలా కలిపి ఒక బోర్డు పాడుచేసుకున్నాను.

ఇప్పుడు రూలు ఇది: స్థలం ఖాళీగా ఉండి బీకన్ వినపడితే కారు వచ్చినట్టు, లైటు వెలుగుతుంది, అమ్మ గదిలో చిన్న బెల్ మోగుతుంది. కారు ఉండగా వినపడితే వెళ్తున్నట్టు, ఏమీ చేయదు. కారు బయటికెళ్లాక రెండు నిమిషాలు బీకన్‌ను పట్టించుకోవద్దని కూడా పెట్టాను, ఎందుకంటే వీధి చివర్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. బీకన్ కనపడకుండా పోయిందని తేల్చడానికి ఈఎస్‌పీహోమ్ మామూలుగా 5 నిమిషాలు ఆగుతుంది. దాన్ని 30 సెకన్లకు తగ్గించుకోండి.

గేటు మోటారు ఉన్నా దాన్ని దీనికి మాత్రం కలపకండి. బీకన్ నంబరు అందరికీ వినపడేదే, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. ఇప్పుడైతే మా గేటు మోటారును అమ్మ లోపలి నుంచే స్విచ్ నొక్కి తెరుస్తుంది.

బోర్డు కొనే ముందు కారు ఆపి, తాళం చెవి బయటికి తీసేసి, యూఎస్‌బీకి ఫోన్ పెట్టి చూడండి. అప్పుడు కూడా చార్జింగ్ ఎక్కుతుంటే ఈ బోర్డు పెట్టొద్దు, కారు కదలని రోజుల్లో బ్యాటరీని తాగేస్తుంది. దాని బదులు బటన్ సెల్‌తో నడిచే బీకన్ ట్యాగ్ తీసుకోండి. అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొత్తగా కనపడదు. మీకు స్లాబు సెన్సర్ ఖర్చు కూడా మిగులుతుంది.