పార్టీ మాట దాటినవాళ్లకు పార్టీ పైసలివ్వాలా?

విప్‌లు (ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాలు), ఎదురు ఓట్లు, ఎన్నికల ఖర్చు. ఈసారి మహారాష్ట్రలోని నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వీటి మీదే ఉన్నాయి.

ప్రశ్న: మా ఊరి కౌన్సిల్ ఉపాధ్యక్షుడి ఎన్నికల మా పార్టీ నగరసేవక్ (కౌన్సిలర్) ఒకాయన గట్ నేత (కౌన్సిల్‌ల మా పార్టీ నాయకుడు) చెప్పినదానికి ఎదురు ఓటేసిండు. ఇప్పుడు జడ్పీ టికెట్ అడుగుతున్నడు, ఖర్చుకు పార్టీ పైసలు గూడ కావాలంటున్నడు. సగం మంది ఇయ్యాలంటున్నరు, సగం మంది వద్దంటున్నరు. మీరేమంటరు?
– పార్టీ కార్యకర్త, ధర్మాబాద్

జవాబు: ఆ రోజు పక్షాదేశ్ జారీ అయిందా లేదా, ముందు అది చూడండి. విప్‌ను మన దగ్గర మరాఠీ కాగితాల్లో పక్షాదేశ్ అనే రాస్తారు. అది లేకుండా గట్ నేత చాయ్ తాగుతూ అన్న మాట ఒక్కటే ఉంటే ఆయన దాటింది మీ మాటనే, చట్టాన్ని కాదు.

పక్షాదేశ్ ఉండీ దాటితే 1986 నాటి మహారాష్ట్ర స్థానిక సంస్థల సభ్యుల అనర్హత చట్టం కిందికి వస్తారు. కార్పొరేషన్, మున్సిపల్ కౌన్సిల్, జిల్లా పరిషత్, పంచాయతీ సమితి దాని పరిధిలో ఉన్నాయి, గ్రామపంచాయతీ లేదు. ముందు అనుమతి తీసుకోకుండా ఎదురు ఓటేసినా, ఓటెయ్యకుండా ఊరుకున్నా సభ్యత్వానికే ఎసరు. ఓటు పడ్డ 15 రోజుల్లోపు పార్టీ మన్నిస్తే అంతటితో సరి. మన్నించకపోతే కౌన్సిలర్ విషయం కలెక్టర్ ముందుకు వెళ్తుంది.

డబ్బు సంగతి కూడా ఆ 15 రోజుల్లోనే తేల్చుకోవాల్సింది. మన్నించినట్టు కాగితం ఇచ్చి, తర్వాత ఖర్చు దగ్గర బిగబట్టడం అన్యాయం. మన్నించకుండా, అర్జీ కూడా పెట్టకుండా నోరు మూసుకుని, టికెట్ల వేళకు పాత లెక్క బయటికి తీసే పార్టీలే ఎక్కువ. దాంతో ఊళ్లో పంచాయితీ పెరుగుతుందే కానీ క్రమశిక్షణ రాదు.

మా మట్టుకు అన్ని ఓట్లనూ ఒకే కాటాలో తూచకూడదు. పదవుల ఎన్నిక, అవిశ్వాసం, బడ్జెట్, పార్టీ ఎన్నికలప్పుడు జనానికిచ్చిన హామీ – వీటిలో రాతపూర్వక పక్షాదేశ్ దాటినవారికి పార్టీ నిధి నుంచి పైసా ఇవ్వనక్కర్లేదు. ఉపాధ్యక్షుడిది పదవి ఎన్నికే కాబట్టి, కాగితం చేతికి అందించి ఉంటే మీలో వద్దనేవాళ్ల మాటే సరైనది. వార్డు రోడ్డు, నల్లా పైపు, మార్కెట్ వేలం లాంటి తీర్మానాల్లో ఎదురు ఓటేసినవారికి మాత్రం తక్కినవాళ్లతో సమానంగా ఇవ్వాలి. కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు 1992లోనే చట్టసభల విప్‌ను విశ్వాస, అవిశ్వాస ఓట్లకు, పార్టీ జనం ముందు పెట్టిన మూల విధానాలకు పరిమితం చేసుకొమ్మంది. పార్టీలు ఆ మాట పెద్దగా చెవిన పెట్టలేదనుకోండి. ఒడిశా పార్టీ బిజూ జనతాదళ్ 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు మీద రాజ్యసభలో విప్ ఇవ్వకుండా, ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు ఓటెయ్యండని వదిలేసింది. అలా వదిలేశాక ఎటు ఓటేసినా మాట దాటినట్టు కాదు.

అన్నిటికన్నా చెడ్డ పని, ఏబీ ఫారం (మా అభ్యర్థి ఈయనేనని పార్టీ రాసిచ్చే కాగితం) చేతికిచ్చి ఖర్చుకు చెయ్యి విదిలించడం. అప్పుడా అభ్యర్థి ఇసుక ఘాట్ పట్టినాయన దగ్గరికో తునికాకు కాంట్రాక్టర్ దగ్గరికో పోతాడు. గెలిచాక అతని ఓటు మీద పెత్తనం వాళ్లది. నమ్మకం లేకపోతే టికెట్టే ఆపండి; టికెట్ ఇచ్చారా, వాటా ఇవ్వండి.

ప్రశ్న: పంచాయతీ సమితి మీటింగు ముందురోజు రాత్రి 11కు వాట్సాప్‌ల ‘అందరు తప్పక రావాలె, పార్టీ విప్’ అని ఒక మెసేజ్ వచ్చింది. అది విప్ అయితదా?
– సమితి సభ్యుడు, సిరోంచ

జవాబు: దాన్ని నమ్ముకుని కలెక్టర్ ముందు నిలబడటం కష్టం. ‘తప్పక రావాలె’ అంటే హాజరు గురించి చెప్పారు, ఓటు ఎటో చెప్పలేదు. సరైన పక్షాదేశ్‌లో సభ తేదీ, సమయం, అజెండాలో విషయం నంబరు, ఎవరికి లేదా ఏ తీర్మానానికి ఎటు ఓటెయ్యాలి, దాటితే అనర్హత వస్తుందన్న వాక్యం, పార్టీ అధికారమిచ్చిన మనిషి సంతకం ఉండాలి. రెండు ప్రతులు తీసి ఒకటి సభ్యుడికిచ్చి, రెండోదాని మీద తేదీ, టైము వేయించి సంతకం తీసుకోవాలి. ఇంట్లో లేకపోతే, ఉండీ తీసుకోనంటే, ఇద్దరు పంచుల ముందు తలుపుకు అంటించి పంచనామా రాసి ఫోటో తియ్యాలి; అదే రోజు రిజిస్టర్డ్ పోస్టు కూడా వెయ్యాలి. వాట్సాప్ వీటికి తోడు మాత్రమే.

ఎక్కువ కేసులు తేలిపోయేది సంతకం దగ్గరే. శివసేన చీలిక కేసులో 2023 మే 11న సుప్రీంకోర్టు, విప్‌ను, అంటే ఆ ఆదేశం జారీ చేసే నేతను, నియమించే అధికారం రాజకీయ పార్టీదే కానీ శాసనసభా పక్షానిది (ఆ పార్టీ ఎమ్మెల్యేలది) కాదని చెప్పింది. అది అసెంబ్లీ సంగతే అయినా, మీ దగ్గర కూడా సంతకం పెట్టినాయనకు పార్టీ ఇచ్చిన అధికార పత్రం ఫైల్లో ఉండాలి. సభ అయ్యాక ‘ఇతివృత్త్’ నకలు తీసుకోవడం మరవద్దు. మన తెలుగులో ఇతివృత్తమంటే కథావస్తువు, మరాఠీ ఆఫీసులో మాత్రం మీటింగు మినిట్స్. అందులో ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా లేకపోతే మిగతా కాగితాలెన్ని ఉన్నా లాభం లేదు.

ప్రశ్న: శాసనమండలికి స్థానిక సంస్థల సీటు ఎన్నికల ఎవరో ఎదురు ఓటేసిన్రని మా కౌన్సిలర్లు నలుగురికి నిధులు ఆపిన్రు. సరైనదేనా?
– రాజురా

జవాబు: కాదు. మీ వార్ధా–చంద్రపూర్–గడ్చిరోలి సీటులో ఓటు రహస్యం. నలుగురిలో ఎవరు వేశారో చెప్పగల కాగితం లేదు. ఓటు పార్టీ ఏజెంటుకు చూపించాలన్న నిబంధన 2003 సవరణతో వచ్చింది, అదీ రాజ్యసభ ఎన్నికకే. అక్కడ ఎదురు ఓటేసినా దాంతోనే అనర్హత రాదు. అనుమానం మీద నలుగురినీ ఎండగడితే తప్పు చెయ్యని ముగ్గురు కూడా దూరమవుతారు.

ప్రశ్న: వేరే దేశాల ఎట్ల చేస్తరు?
– కిన్వట్

జవాబు: బ్రిటన్‌లో విప్ దాటితే సీటు పోదు, పార్టీ గుర్తింపు పోతుంది. 2019 సెప్టెంబరులో బ్రెగ్జిట్ ఓటు మీద కన్సర్వేటివ్ పార్టీ 21 మంది ఎంపీలను అలా బయటపెట్టి, అక్టోబరు చివర్లో 10 మందిని వెనక్కి తీసుకుంది. అమెరికాలో 2010 మార్చిలో ఆరోగ్య బీమా చట్టం మీద ప్రతినిధుల సభలో 34 మంది డెమొక్రాట్లు సొంత పార్టీకి ఎదురు ఓటేశారు. సభ్యత్వాలు ఎవరివీ పోలేదు. అలాంటి చోట పార్టీ చేతిలో మిగిలే కొరడా టికెట్టూ ఎన్నికల డబ్బే. మన దగ్గర సభ్యత్వమే పోతుంది కాబట్టి, దాని మీద ఖర్చు కూడా ఆపితే శిక్ష రెండింతలవుతుంది.

ప్రశ్న: అసెంబ్లీ అభ్యర్థికి పార్టీ పైసలు ఎట్ల ఇయ్యాలె? ఎదురు తిరిగితే వాపస్ తీసుకోవచ్చా?
– దెగ్లూర్

జవాబు: ఎన్నికల సంఘం 2014లో ఇచ్చిన సూచనల ప్రకారం నగదు ఇవ్వకూడదు, అకౌంట్ పేయీ చెక్కు, డీడీ లేదా బ్యాంకు బదిలీ మాత్రమే. సాయం అభ్యర్థి ఖర్చు పరిమితిని మించకూడదు. మహారాష్ట్రలో అసెంబ్లీకి 2022 నుంచి అది 40 లక్షలు. అభ్యర్థి నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు తెరిచిన విడి ఖాతాలోనే పార్టీ డబ్బు పడాలి. ఎన్నిక మొత్తం మీద ఒకే మనిషికి నగదుగా 10,000 రూపాయలకు మించి చెల్లించకూడదు. స్టార్ ప్రచారకుడి ప్రయాణ ఖర్చు పార్టీదే. ఆయన పక్కన అభ్యర్థి వేదికెక్కితే మాత్రం సభ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి వస్తుంది. చాలామంది పరిమితి దాటేది ఇక్కడే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క దాఖలు చెయ్యాలి.

వాపస్ సంగతి మరిచిపోండి. ఇచ్చింది ఖర్చయిపోయి ఉంటుంది, లెక్కల్లోకి ఎక్కి ఉంటుంది. ‘ఫలానా ఓటు ఇటు వేస్తేనే ఈ సొమ్ము’ అని బాండు రాయించుకోవడం ఇంకా ప్రమాదం. సీతా సోరెన్ కేసులో 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఓటు కోసం లంచం తీసుకున్న సభ్యుడికి చట్టసభ రక్షణ ఉండదని తేల్చింది. అలాంటి బాండు ఎదుటి వకీలు చేతికి చిక్కితే మీ పార్టీయే సంజాయిషీ చెప్పుకోవాలి. వోచర్ మీద ‘ఎన్నికల ఖర్చుకు సాయం’ అని రాసి, మొత్తం, చెక్కు నంబరు, తేదీ వెయ్యండి. ఓటు మాట ఆ కాగితం మీద ఎక్కడా రానివ్వకండి.