టెక్సస్ నుంచి న్యూజెర్సీకి పిస్తోలు తెచ్చుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉద్యోగం మారి డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వస్తున్నావనీ, అక్కడ కొన్న పిస్తోలును వెంట తెచ్చుకుంటానంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. తెచ్చుకోవడం, మానడం నీ ఇష్టం. ఇంట్లో తుపాకీ ఉండవచ్చా లేదా అన్న వాదన ఈ ఉత్తరంలో పెట్టదలచుకోలేదు. టెక్సస్‌లో ఏ కాగితమూ లేకుండా నిశ్చింతగా ఉంచుకున్న వస్తువే, నీవు దానిని ముట్టుకోకపోయినా, న్యూజెర్సీ సరిహద్దు దాటగానే నేరం కావచ్చునని నీకు తెలిసి ఉండాలన్నదే నా ఆదుర్దా.

నీవు ఇంకా పౌరుడివి కావు, గ్రీన్‌కార్డు మీద ఉన్నావు. గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. కానీ తుపాకీని చట్టవిరుద్ధంగా కలిగి ఉన్నట్లు కోర్టులో రుజువైతే, దేశం నుంచి పంపివేయడానికి వలస చట్టం ప్రకారం అదొక్కటే చాలు. పౌరుడికి జరిమానాతోనో జైలుతోనో ముగిసే వ్యవహారం నీకు అంతటితో ముగియదు. నేను ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం ఇదే.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టరీత్యా అనర్హత లేనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. ఇక్కడ న్యూజెర్సీలో అలా కాదు. రైఫిల్, షాట్‌గన్ వంటి పొడవు తుపాకీ కొనాలంటే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు (తుపాకీ గుర్తింపు కార్డు) ఉండాలి, ప్రతి పిస్తోలుకూ విడిగా కొనుగోలు పర్మిట్ ఉండాలి, వెంట పెట్టుకుని తిరగాలంటే అందుకు మరొక పర్మిట్ ఉండాలి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో తీర్పు ఇచ్చిన తరువాత ప్రత్యేక అవసరం ఏదో ఉందని నిరూపించుకునే బాధ తప్పింది కానీ, పర్మిట్ అవసరం మాత్రం తప్పలేదు. వేరే రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఇక్కడ చెల్లదు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక మహిళ, కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పి అరెస్టయింది. చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇస్తే గానీ ఆమె బయటపడలేదు. పర్మిట్ లేకుండా పిస్తోలు వెంట ఉంచుకోవడం ఇక్కడ రెండవ శ్రేణి నేరం, దానికి 5 నుంచి 10 ఏళ్ల శిక్ష పడవచ్చు.

పిస్తోలు కన్నా ముందు దాని మ్యాగజైన్, అంటే తూటాలు నింపే అర, సంగతి చూసుకో. అంగట్లో దొరికే మామూలు పిస్తోళ్లకు 15 లేదా 17 తూటాలు పట్టే మ్యాగజైన్లు వస్తాయి, న్యూజెర్సీలో 2018 నుంచి 10కి మించి పట్టేవి నిషిద్ధం. కోర్టుల్లో వాదనలు సాగుతున్నాయి కదా అన్న ధైర్యంతో వాటిని తేవద్దు. అక్కడే అమ్మివేసి, 10 పట్టేవి కొనుక్కుని బయలుదేరు. మొన గుల్లగా ఉండే హాలో పాయింట్ తూటాలను ఇంట్లో ఉంచుకోవచ్చు, తుపాకీ సాధన చేసే రేంజికి తీసుకువెళ్లవచ్చు, జేబులో వేసుకుని తిరగడం మాత్రం నేరం. సామాను తరలించే కంపెనీలు సాధారణంగా తూటాలను ముట్టుకోవు, కాబట్టి వాటిని పెట్టెల్లో దాచి పంపాలన్న ఆలోచన పెట్టుకోకు.

దారిలో నిన్ను కాపాడేది 1986 నాటి ఫెడరల్ చట్టం. తుపాకీని చట్టబద్ధంగా ఉంచుకోగల చోటు నుంచి అలాగే ఉంచుకోగల మరో చోటికి తీసుకువెళ్తూ, అందులో తూటాలు లేకుండా చేసి, తుపాకీ, తూటాలు రెండూ చేతికందని విధంగా డిక్కీలో పెడితే, మధ్యలోని రాష్ట్రాలు అభ్యంతరపెట్టరాదు. డిక్కీ విడిగా లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, డ్యాష్‌బోర్డు అర ఆ లెక్కలోకి రాదు. అయితే ఈ రక్షణ ప్రయాణం సాగుతున్నంతసేపే గట్టిది. 2005లో యూటా నుంచి వస్తున్న ఒకాయనకు నూవార్క్‌లో విమానం తప్పిపోతే, తుపాకీ ఉన్న సామాను తీసుకుని రాత్రి హోటల్లో ఉండి మర్నాడు విమానాశ్రయంలో అరెస్టయ్యాడు. అతని మీద కేసు నిలవలేదు కానీ, తరువాత అతడు వేసిన దావాలో 2010లో అప్పీలు కోర్టు, రాత్రంతా సామాను అతని చేతికి అందుబాటులో ఉంది గనుక చట్టం కాపాడదని చెప్పింది. నీవు ఐ-81 హైవే మీదుగా వస్తావు కాబట్టి చివరి రాత్రి బస వర్జీనియాలో చేసి, మర్నాడు వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ కొసలు దాటి పెన్సిల్వేనియా గుండా నేరుగా ఇల్లు చేరుకో. స్నేహితులను పలకరించడం తరువాత పెట్టుకోవచ్చు.

కొత్తగా వచ్చి స్థిరపడినవారు 60 రోజుల్లో ఐడీ కార్డుకు దరఖాస్తు చేసి, బయట కొన్న పిస్తోలును నమోదు చేయించాలని 2022లో చట్టం తెచ్చారు. దరఖాస్తు ఊరి పోలీసు శాఖ ద్వారా వెళుతుంది. వేలిముద్రలు ఇవ్వాలి, నిన్నెరిగిన ఇద్దరి పేర్లు రాయాలి. బంధువులను కాక స్నేహితులను రాయడం మేలు, వారికి ముందే చెప్పి ఉంచు. ఇల్లు సర్దుకున్నాక చూద్దామనుకుంటే గడువు తెలియకుండానే దాటిపోతుంది. దరఖాస్తు చేసినట్లు వచ్చే ప్రతి రసీదునూ దాచుకో.

ఇంటిలోపలి సంగతి మరింత సున్నితం. కోడలు ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉంది. అటువంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీని గానీ ఒక్క తూటాను గానీ కలిగి ఉండరాదని ఫెడరల్ చట్టం చెబుతోంది. అందుచేత పిస్తోలు తాళం పెట్టెలోనే ఉండాలి, ఆ తాళం అంకెలు నీకు ఒక్కడికే తెలియాలి. మీ అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వచ్చినా, చదువుకునే తమ్ముడు ఎఫ్-1 మీద వచ్చినా, సరదా కోసమని రేంజికి తీసుకువెళ్లి ఫొటో కోసం చేతికి ఇవ్వడం మనవాళ్లలో మామూలైంది కానీ, వారికీ ఈ నిషేధమే వర్తిస్తుంది. ఆ ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టుకోవడం ఇంకా అవివేకం.

ఇదంతా భారమనిపిస్తే బయలుదేరక ముందే అక్కడి లైసెన్సు ఉన్న డీలరుకు అమ్మివేయి. ఇక్కడి స్నేహితుడికి నేరుగా ఇచ్చేద్దామనుకోకు. రాష్ట్రం మారి చేసే అమ్మకం డీలరు ద్వారానే జరగాలి. ఏది నిశ్చయించుకున్నా, ఇల్లు ఖాళీ చేసే వారానికి ముందే నాకు ఒక మాట చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న